చక్రపు బేరింగులు: రోగనిర్ణయము, మార్పిడి

"కందెన వేయని బండికి కావలసినంత సంగీతము" అన్న సామెత కృష్ణా డెల్టా పల్లెలలో పెరిగిన వారెవ్వరికీ కొత్త కాదు. ఇరుసుకు, చక్రపు కుండకు నడుమ ఆముదము, గడ్డిమసి కలిపిన కందెన ఎండిపోగానే బండి కీచుమని అరిచేది. బండివాడు ఆ అరుపు విని, సీల ఊడదీసి, చక్రమును కొంచెము బయటికి లాగి, కందెన పూసి తన దారిని సాగిపోయేవాడు. రోగము, లక్షణము, మందు మూడూ ఒక్కచోటనే తేలిపోయేవి. నేటి కారు చక్రము కూడ అరుస్తుంది. అయితే ఆ అరుపు ఎక్కడినుండి వస్తున్నదో పసిగట్టుట అంత సులభము కాదు. పసిగట్టలేకపోయినచో కలిగే నష్టము బండినాటి దానికంటె చాల పెద్దది.

కళాశాల సంచికలో కారు మరమ్మతు వ్యాసమేమిటని కొందరు అనుకొనవచ్చును. మన విజయవాడలో ఇది చిన్న విద్య కాదు. 1960 దశకములో వెలసిన జవహర్ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టుట మొదలు పాత ఇంజను విప్పి బిగించుట వరకు జరగని పని లేదు. అక్కడి పనివారి నోట తెలుగు, ఉర్దూ ఎంతగా కలిసిపోయినవంటే ఉస్తాదు, శాగిర్దు, పానా అన్న మాటలు ఏ భాషవో అడిగే అవసరమే ఎవరికీ కలుగదు. తరగతిలో ఘర్షణ అన్న పాఠము చదివిన విద్యార్థికి, చక్రపు మోత విని లోపమేదో చెప్పగల ఉస్తాదుకు నడుమ ఉన్న దూరమును కొంతైనా తగ్గించవలెనని మా కోరిక.

బరువైన వస్తువును నేలమీద ఈడ్చుటకంటె దుంగలపై దొర్లించుట తేలిక. బేరింగు వెనుక ఉన్న సూత్రమంతా ఇదే. 1794లో వేల్సులోని కార్మార్థెన్ పట్టణమునకు చెందిన ఫిలిప్ వాన్ అను ఇనుప కొలిమి యజమాని బండి ఇరుసులో గోళీలు అమర్చు పద్ధతికి పేటెంటు పొందినాడు. గోళీ తిరుగుటకు బాగుగానే ఉంటుంది గాని, బండి మలుపు తిరిగినప్పుడు చక్రముపై పక్కనుండి కూడ తోపు పడుతుంది. ఈ రెండు బరువులను కలిపి మోయుటకు అమెరికాలో గుర్రపు బండ్లు తయారుచేయు హెన్రీ టిమ్కెన్ శంకువు ఆకారపు రోలర్లను ఉపయోగించి 1898లో పేటెంటు తీసికొన్నాడు. స్వీడనులో స్వెన్ వింగ్‌క్విస్ట్ కథ మన ప్రాంతము వారికి మరింత దగ్గరగా ఉంటుంది. ఆయన పనిచేసిన గోథెన్‌బర్గ్ బట్టల మిల్లు బంకమట్టి నేలపై కట్టినది. నేల కదలినప్పుడల్లా మిల్లు షాఫ్టులు వంకరపోయి బేరింగులు పాడయ్యేవి. ఆ బాధ పడలేక, వంకరను తనంతట తానే సర్దుకొను బేరింగును 1907లో రూపొందించినాడు. నల్లరేగడిలో ఇల్లు కట్టి గోడల బీటలు చూచిన డెల్టా వాసులకు ఆయన బాధ వేరుగా వివరించనక్కరలేదు.

కారు చక్రములో ఉండే బేరింగుకు బయట ఒక ఉక్కు వలయము, లోపల ఒక ఉక్కు వలయము, వాటి నడుమ గోళీలో రోలర్లో ఉంటాయి. అవి ఒకదానినొకటి ఒరసుకొనకుండ ఎడముగా నిలుపు పంజరము ఒకటి, గ్రీజు, దుమ్మును నీటిని అడ్డగించు సీలు ఒకటి. శంకువు రోలర్ల రకములో బయటి వలయమును కప్పు అనీ, రోలర్లతో కూడిన లోపలి భాగమును కోను అనీ పనివారు అంటారు. జీపులలో, వెనుక చక్రములతో నడిచే పాత కార్ల ముందు చక్రములలో ఇట్టివి రెండేసి ఉండేవి. వాటిని విప్పి, కడిగి, గ్రీజు నింపి, మరల బిగించవచ్చును. 1983లో మారుతి 800 వచ్చిన తరువాత ముందు చక్రములే లాగు చిన్న కార్లు మన వీధులలో పెరిగినవి. నేటి ఇట్టి కార్లలో ఎక్కువగా కనబడునది ప్రెస్సుతో లోపలికి దిగగొట్టిన, గ్రీజును శాశ్వతముగా మూసియుంచిన బేరింగు. దానికి మరమ్మతు లేదు, మార్పిడియే.

ఈ చిన్న వస్తువు పడే శ్రమ ఎంతో ఒకసారి లెక్క కట్టి చూడుడు. చక్రపు వ్యాసము సుమారు 55 సెంటీమీటర్లనుకొంటే కిలోమీటరుకు అది దాదాపు 580 సార్లు తిరుగుతుంది. లక్ష కిలోమీటర్లకు 5 కోట్ల 80 లక్షల చుట్లు! 1000 కిలోల కారులో ఒక్కొక్క చక్రము మీద సుమారు 250 కిలోల బరువు. ఆ బరువంతా ఏ క్షణమందైనా రెండు మూడు గోళీల మీదనే, గోరంత జాగాలో ఆనుతుంది. బరువుకు, బేరింగు ఆయువుకు గల సంబంధమును 1947లో లుండ్‌బెర్గ్, పామ్‌గ్రెన్ అను శాస్త్రజ్ఞులు సూత్రీకరించినారు. దాని ప్రకారము గోళీల బేరింగుపై బరువు రెట్టింపైనచో ఆయువు సగము కాదు, ఎనిమిదవ వంతుకు పడిపోతుంది. ఒకటిన్నర రెట్లయినచో మూడవ వంతు కూడ మిగలదు. అయిదుగురు కూర్చుండు కారులో పెళ్లికి తొమ్మిదిమందిని ఎక్కించి, డిక్కీలో బియ్యపు బస్తాలు వేసికొని గుడివాడ బయలుదేరు పెద్దలకు ఈ సూత్రము ఎవరు చెప్పగలరు?

అయినను బేరింగులలో ముసలితనముతో చచ్చేవి తక్కువ. నీరు, మట్టి, తప్పుడు బిగింపు ఇవియే వాటిని ముందుగా చంపుతాయి. అందుచేత "బేరింగు పోయింది, మార్చండి" అన్నంతమాత్రాన పని ముగియదు. ఎందుకు పోయినదో తేలకుండ కొత్తది వేసినచో అదియు అదే దారిని పోతుంది.

నీటి సంగతి మన నగరము ఇటీవలనే అనుభవించినది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన భారీవర్షములకు బుడమేరు గట్లు తెగి అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మున్నగు ప్రాంతములు రోజుల తరబడి నీటిలో నానినవి. ప్రకాశం బ్యారేజి వద్ద ప్రవాహము 11.43 లక్షల క్యూసెక్కులకు చేరినది. 1957లో బ్యారేజి ఏర్పడిన నాటినుండి అంతటి ప్రవాహము రాలేదు. వీధులలో నిలిపిన కార్లు, ఆటోలు, మోటారు సైకిళ్లు మునిగినవి. నీరు తీసిన తరువాత అందరూ ఇంజను చూచుకొన్నారు, సీట్లు ఎండబెట్టుకొన్నారు, విద్యుత్తు తీగలు పరీక్షించుకొన్నారు. చక్రము నడుమ ఉన్న గుప్పెడు గ్రీజును తలచుకొన్నవారు తక్కువ.

బేరింగు సీలు వాన చినుకులను, చిమ్మిన బురదను ఆపుటకు చేసినది గాని, రోజుల తరబడి మునిగియుండుటకు కాదు. నడుస్తున్న కారు వరద నీటిలో దిగినప్పుడు మరియొక చిక్కు ఉన్నది. బ్రేకుల వేడికి హబ్బు కాగి ఉంటుంది. చల్లని నీరు తగలగానే లోపలి గాలి చల్లబడి దాని పీడనము తగ్గుతుంది. అప్పుడు బయటి నీరు సీలు పెదవిని దాటి లోనికి పీల్చబడుతుంది. భౌతికశాస్త్రములో వాయు నియమములు చదివిన మన విద్యార్థులకు ఇది తేలికగా బోధపడగలదు. లోపల చేరిన నీరు గ్రీజుతో కలిసి పాలవలె తెల్లబడుతుంది. ఆ తెల్లని ముద్దకు ఉక్కును కాపాడు శక్తి ఉండదు. కారు కదలక నిలిచినన్నాళ్లు రోలరు ఎక్కడ ఆనుకొని ఉన్నదో సరిగా అక్కడ సన్నని గీతగా తుప్పు పడుతుంది. తరువాత కారు నడచినప్పుడు ప్రతి రోలరు ఆ గీతను తాకుచు పోతుంది. గీత గుంటగా మారుతుంది. గుంట అంచులు పొరలుగా ఊడుతాయి. మోత బయటపడుటకు కొన్ని వారములో నెలలో పట్టును. అప్పటికి భీమా క్లెయిము ముగిసియుండును, వరద మాట అందరూ మరచియుందురు. కొల్లేటి పరిసరములనుండి చేపలు తెచ్చు వాహనములపై నిత్యము కారు మంచునీరు, దమ్ము చేసిన పొలములనుండి బురదతో రోడ్డెక్కు ట్రాక్టర్లు కూడ ఈ బాధనే నెమ్మదిగా పడుచుంటాయి.

ఇక రోగనిర్ణయము. మేమెరిగిన ఒక కుటుంబము వారి కారులో గూమని మోత మొదలైనది. టైర్లు అరిగినవని ఒకచోట చెప్పగా రెండు టైర్లు మార్చినారు. మోత పోలేదు. గేర్ బాక్సు అనుమానమని మరియొకచోట వేలల్లో ఖర్చు పెట్టించినారు. మోత పోలేదు. ఉయ్యూరు దాటిన తరువాత మాడిన గ్రీజు వాసన వచ్చి ఆగి చూడగా ముందు కుడి చక్రపు నడుమ భాగము చేయి దగ్గరకు పోనీయనంత వేడిగా ఉన్నదట. అంత ఖర్చుకు పదవ వంతైనా కాని బేరింగు, పది నిమిషములలో తేలవలసిన సంగతి.

మొదటి పరీక్ష చెవితోనే. బేరింగు మోత వేగముతోపాటు పెరుగుతుంది, గేరు మార్చినా మారదు. నున్నని, ఖాళీగా ఉన్న రోడ్డు చూచుకొని, కారు నడుచుచుండగా ఒక్క క్షణము న్యూట్రల్‌లో వేసి వినవలెను. ఇంజను వేగము తగ్గినా మోత తగ్గనిచో దోషము చక్రముల వైపున ఉన్నదని అర్థము. సిమెంటు రోడ్డు మీదినుండి తారు రోడ్డు మీదికి రాగానే మోత తీరు మారినచో టైరును అనుమానించవలెను. ముందు టైర్లను వెనుకకు, వెనుకవి ముందుకు మార్చి చూచినచో ఆ అనుమానము కూడ తీరిపోతుంది: మోత చోటు మారినచో టైరు, మారనిచో బేరింగు. దీనికి రూపాయి ఖర్చు లేదు. టైర్లు కొనుటకు ముందు ఈ పని ఎందుకు చేయరో మాకు అర్థము కాదు.

ఏ వైపు బేరింగో తెలిసికొనుటకు కరకట్ట రోడ్డు వంటి వంపుల దారి మంచిది. కారు ఎడమకు తిరిగినప్పుడు బరువు కుడివైపునకు ఒరుగుతుంది. అప్పుడు మోత పెరిగినచో కుడి బేరింగు, కుడికి తిరిగినప్పుడు పెరిగినచో ఎడమ బేరింగు చెడినదనుకొనవలెను. చాలమంది దీనిని తలక్రిందులుగా చెబుతారు. బస్సులో నిలబడినవాడు మలుపులో ఎటు తూలునో తలచుకొంటే పొరపాటు రాదు. చక్రము పూర్తిగా తిప్పి నెమ్మదిగా పోవునప్పుడు టకటకమను శబ్దము వేరు. అది బేరింగు కాదు, చక్రమునకు శక్తినిచ్చు షాఫ్టు కీలుది.

రెండవ పరీక్ష చేతితో. చదునైన నేలమీద మిగిలిన చక్రములకు అడ్డు పెట్టి, జాకీతో లేపి, స్టాండు మీద నిలుపవలెను. జాకీ ఒక్కదానిని నమ్మి గాని, ఇటుకలు పేర్చి గాని కారు క్రిందికి చేతులు పెట్టరాదు. చక్రమును పైన ఒక చేత, క్రింద ఒక చేత పట్టి లోనికి, బయటికి ఊపవలెను. ఊగుడు కనబడినచో ఒకరిని బ్రేకు తొక్కమనవలెను. బ్రేకు తొక్కగానే ఊగుడు పోయినచో దోషము బేరింగుది. పోనిచో బాల్ జాయింటు వంటి మరొక భాగముది. ఎడమ, కుడి అంచులు పట్టి ఊపినప్పుడు మాత్రమే కదలినచో స్టీరింగు కడ్డీల చివరలు చూడవలెను. తరువాత ఒక చేతితో చక్రమును తిప్పుచు రెండవ చేతి వేళ్లు సస్పెన్షను స్ప్రింగుపై ఆనించవలెను. మంచి బేరింగు ఏమియు చెప్పదు. చెడినదైతే ఇసుక నలిగినట్లు సన్నని గరగర వేళ్లకు తెలుస్తుంది. ఆటోనగర్ ఉస్తాదులు కొందరు పొడవైన స్క్రూడ్రైవరు మొనను హబ్బుకు దగ్గరి ఇనుముపై ఉంచి, పిడిని చెవికి ఆనించి వింటారు. ఇది వైద్యుని స్టెతస్కోపుకు తమ్ముడు. చక్రమును చేతితో తిప్పుచు వినవలెనే గాని, ఇంజను నడుచుచుండగా చేయరాదు.

ఈ లక్షణములను లెక్కచేయకపోయినచో ఊగుడు పెరుగుతుంది. డిస్కు అటూఇటూ కదలి బ్రేకు ప్యాడ్లను వెనుకకు తోస్తుంది. అప్పుడు మొదటి తొక్కునకు బ్రేకు పెడలు లోతుగా దిగుతుంది. చివరకు బేరింగు పట్టివేయవచ్చును, లేదా చక్రమే ఊడి రావచ్చును. జాతీయ రహదారిపై ఈ రెంటిలో ఏది జరిగినను కారులో ఉన్నవారి ప్రాణములతో పని.

మార్పిడిలో మొదట పాత రకము చూతము. చక్రమును, మూతను, స్ప్లిట్ పిన్నును, నట్టును తీసి హబ్బును బయటికి లాగిన తరువాత పాత గ్రీజును వెంటనే తుడిచివేయరాదు. దాని రంగే సాక్ష్యము: తెల్లనైనచో నీరు, నల్లబడి గట్టిపడినచో వేడి, వ్రేళ్ల మధ్య మెరుపు తగిలినచో అరిగిన ఇనుము. ఉక్కుపై నీలిరంగు కనబడినచో అది మితిమీరి కాలినదని అర్థము. కోను ఒక్కటే మార్చి పాత కప్పును ఉంచుట పొదుపు కాదు. పాత గుంటలు కొత్త రోలర్లను కొద్ది రోజులలోనే తినివేస్తాయి. జత మొత్తము మార్చవలెను. పాత కప్పును చుట్టూ మార్చి మార్చి తట్టుచు దించి, కొత్త కప్పును పాత కప్పు అడ్డముగా పెట్టి దిగగొట్టవచ్చును. అది పూర్తిగా కూర్చున్నప్పుడు సుత్తి శబ్దము మారి గట్టిగా వినిపిస్తుంది.

గ్రీజును రోలర్లపై పూసినంత మాత్రాన చాలదు. అరచేతిలో గ్రీజు వేసికొని, కోను పెద్ద అంచును దానిలో గుచ్చుచు, రోలర్ల సందులగుండ రెండవ వైపునకు పొంగివచ్చు వరకు నింపవలెను. హబ్బు ఖాళీ అంతా నింపుట కూడ తప్పే. ఎక్కువైన గ్రీజు చిలికినట్లై వేడెక్కుతుంది. చవకైన కాల్షియం గ్రీజు 100 డిగ్రీల సమీపముననే కరగి కారిపోవును. చక్రములకు లిథియం జాతి గ్రీజు కావలెను. అది 180 డిగ్రీలు దాటు వరకు కరగదు. పాత గ్రీజును కిరోసినుతో కడిగి, పూర్తిగా ఆరిన తరువాతనే కొత్తది పెట్టవలెను. రెండు జాతులు కలుపరాదు. సీలు ఎప్పుడూ కొత్తదే. బిగింపులో చక్రమును తిప్పుచు నట్టును కొంచెము పట్టు తగులు వరకు బిగించి, పిదప పిన్ను రంధ్రము కుదురునంత వెనుకకు సడలించి, కొత్త పిన్ను వేయుట సాధారణ పద్ధతి. ఆ కారు పుస్తకములో వేరుగా ఉన్నచో దానినే అనుసరింపవలెను. గట్టిగా ఉంటే మంచిదనుకొని పానాకు గొట్టము తొడిగి బిగించువారు ఉన్నారు. అట్టి బేరింగు మచిలీపట్నం చేరులోగా కాలిపోయినా ఆశ్చర్యము లేదు.

మూసియుంచిన కొత్త రకములో గ్రీజు పని లేదు గాని ప్రెస్సు పని నాజూకైనది. దీనిలో ఒకే నియమము అన్నింటికంటె ముఖ్యము: ఏ వలయము బిగుతుగా దిగుచున్నదో ఆ వలయమును మాత్రమే నొక్కవలెను. బేరింగును చక్రపు నకిలులోనికి దింపునప్పుడు బయటి వలయమును నొక్కవలెను. హబ్బును బేరింగులోనికి దింపునప్పుడు లోపలి వలయము క్రింద ఆధారము ఉండవలెను. ఈ జాగ్రత్త లేక నొక్కినా, సుత్తితో కొట్టినా, టన్నుల బలము గోళీలగుండ పోయి, నున్నని దారిపై కంటికి కనబడని సొట్టలు పడతాయి. అప్పుడు పెట్టెలోనుండి తీసిన కొత్త బేరింగు కొద్ది రోజులకే పాతదానివలె పాడుతుంది. యజమాని బేరింగు కంపెనీని తిట్టును, పనివాడు రోడ్లను తిట్టును. ఏబీఎస్ ఉన్న కార్లలో బేరింగు ఒకవైపు సీలులో అయస్కాంతపు పట్టీ ఉండవచ్చును. అది సెన్సారు వైపునకే ఉండవలెను. ఇనుప రజను అంటనీయరాదు. షాఫ్టు నట్టు కొత్తది వేసి, చక్రము నేలకు ఆననీయక ముందే, ఒకరు బ్రేకు తొక్కి ఉండగా టార్కు రెంచితో చెప్పిన మేరకు బిగించవలెను. నట్టు సరిగా బిగియకుండ కారును పది అడుగులు దొర్లించినా కొత్త బేరింగుకు దెబ్బ తగులవచ్చును.

నకిలీ బేరింగుల బెడద కూడ ఉన్నది. వలయముపై చెక్కిన నంబరు పాతదానితోను, పెట్టెపై ఉన్న నంబరుతోను సరిపోవలెను; బిల్లు తీసికొనవలెను. సగము ధరకు దొరికినదని సంబరపడుట ఈ ఒక్క వస్తువు విషయములో వద్దు. తీసివేసిన పాత బేరింగును పారవేయక ఇంటికి తెచ్చుకొని కోసి చూచుట మా అలవాటు. కళాశాల కమిటీ వారు సమ్మతించినచో అట్టి హబ్బును ఒకదానిని భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఉంచవచ్చును. వెల పాత ఇనుము వెలయే; ఘర్షణ పాఠమునకు అంతకంటె మంచి బొమ్మ మరి దొరకదు.

పని ముగిసిన తరువాత యాభై కిలోమీటర్లు నడిపి, వీలైనంత తక్కువగా బ్రేకు వాడి ఆగి, రెండు వైపుల చక్రముల నడుమ భాగమునకు అరచేయి దగ్గరగా పెట్టి వేడిని పోల్చవలెను. డిస్కును మాత్రము తాకరాదు. కొత్తది వేసిన వైపు రెండవ దానికంటె స్పష్టముగా వేడిగా ఉన్నచో బిగింపు మరల చూడవలెను. వరదలో మునిగిన కారైతే మోత వచ్చిన చక్రమును బాగుచేసి ఊరుకొనరాదు. తక్కిన మూడు చక్రములను కూడ అదే రోజున జాకీపై లేపి, చేతితో తిప్పి చూడవలెను. ఆ నీరు నాలుగింటిని ఒకే రాత్రి ముంచినది.